మాటా మాటా మధ్య

రోజంతా మాట్లాడుకుంటూనే ఉంటాం. ఆ మామూలు మాటల్లోనే కొందరు జీవితాంతం చదువుకోదగ్గ శాస్త్రాన్ని చూశారు. నందిగామ బస్సులో, జగ్గయ్యపేట డాబా మీద చెవి ఒగ్గి వింటే వాళ్లు చూసింది మనకీ కనిపిస్తుంది.

నందిగామలో ఎక్కిన పల్లెవెలుగు చిల్లకల్లు చేరేదాకా నా ముందు సీట్లో ఆవిడ ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. పిల్లాడి జ్వరం అయింది. మిరప కోతకు మనుషులు దొరక్కపోవడం అయింది. పెనుగంచిప్రోలు తిరునాళ్లకు ఎవరెవరు వస్తున్నారో అదీ అయింది. అప్పుడు "ఇంకేంటి?" అంది. అవతలి నుంచి ఏదో కొత్త సంగతి వచ్చినట్టుంది, మరో రెండు నిమిషాలు నడిచింది. మళ్లీ "ఇంకేంటి మరి?" ఈసారి అట్నుంచీ అదే మాట వచ్చి ఉండాలి. "ఏముంది, అంతే" అంది. "సరే మరి." "ఊఁ, సరే." "ఉంటా మరి." "ఆఁ ఆఁ, ఉంటా." అప్పుడు గానీ ఫోను చెవి దగ్గర్నుంచి దిగలేదు.

ఫోను పెట్టేయడానికి ఇన్ని మెట్లు దిగాలా? దిగాలి. ఎందుకు దిగాలో 1973లో ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, హార్వీ సాక్స్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక వ్యాసంలో విప్పి చెప్పారు. సంభాషణ దానంతటది ఆగదు, ఇద్దరూ కలిసి ఆపాలి. ఒకరు ముందుగా ఖాళీ మాట ఒకటి వేస్తారు. అందులో కొత్త సంగతేమీ ఉండదు. 'నా దగ్గర ఇంతే, నీ దగ్గర చెప్పాల్సింది ఏమైనా మిగిలిందా' అని అవతలి మనిషికి ఇచ్చే అవకాశం అది. ఆ మనిషి కూడా ఖాళీ మాటే తిరిగిస్తే తలుపు దగ్గరకు వేయొచ్చు. వాళ్లు చూసింది ఇంగ్లీషు ఫోన్ కాల్స్‌ని. మన "ఇంకేంటి" అదే పనిని ఇంకా నిండుగా చేస్తుంది. రూపానికి అది ప్రశ్న కాబట్టి, సంగతి ఉన్నవాళ్లకు పిలుపవుతుంది, లేనివాళ్లకు సెలవవుతుంది. చాలా ఇళ్లలో అసలు సంగతి మొదటి "ఇంకేంటి" దాటాకే బయటికొస్తుంది. "అన్నట్టు, ఓ పది వేలు ఏమైనా సర్దగలవా" అనేది పిల్లాడి జ్వరం కంటే ముందు రాదు.

చూడబోతే మాటల నడక గురించి తెలుగువాడి చెవి ఎప్పుడో పనిచేసింది. మాట కలపడం, మాట అందుకోవడం, మాటకు అడ్డు రావడం, మాట దాటేయడం, మాట మార్చడం, నోట్లో మాట లాక్కోవడం, ఊఁ కొట్టడం, వంత పాడటం. ఇవన్నీ సంభాషణలో ఎవరు ఎప్పుడు ఏం చేస్తున్నారో చెప్పే పేర్లు. పేర్లు పెట్టగలిగామంటే గమనించామనే కదా. గమనించినదాన్ని రికార్డు చేసి, సెకను సెకను రాసుకుని పరీక్షించడం ఒక్కటే మిగిలింది.

ఆ పని మొదలైన చోటు విశ్వవిద్యాలయం కాదు, లాస్ ఏంజెలస్‌లోని ఆత్మహత్యల నివారణ కేంద్రం. 1963-64లో సాక్స్ అక్కడికి వచ్చిన ఫోన్ కాల్స్ టేపులు వింటున్నాడు. ఫోన్ ఎత్తినవాళ్లు ముందు తమ పేరు చెబితే అవతలివాళ్లు కూడా సాధారణంగా తమ పేరు చెప్పేవారు. ఒకాయన మాత్రం పేరు చెప్పకుండా, వినపడలేదని అన్నాడు. రెండోసారి చెప్పాక కూడా పేరు మాటెత్తలేదు. సాక్స్ అక్కడ ఆగాడు. వినపడకపోవడం చెవి లోపమే కానక్కర్లేదు, పేరు చెప్పాల్సిన చోటును దాటేయడానికి అదొక దారి అని పట్టుకున్నాడు. చావు అంచున నిలబడి ఫోన్ చేసిన మనిషి కూడా 'నీ పేరేంటి' అని అడిగించుకోకుండా ఇంత నేర్పుగా తప్పించుకోగలిగాడంటే, మాటల్లో ఎంత అమరిక ఉందో ఆలోచించండి. న్యాయశాస్త్రం చదివి సామాజిక శాస్త్రానికి వచ్చిన సాక్స్ 1975లో కారు ప్రమాదంలో నలభై ఏళ్లకే పోయాడు. అతను తరగతిలో చెప్పిన పాఠాలకు గెయిల్ జెఫర్సన్ సంపాదకత్వం వహిస్తే, అవి 1992లో పుస్తకంగా వచ్చాయి.

నాకు ఈ కథలో ఎక్కువ గౌరవం ఆ జెఫర్సన్ మీదే. ఆమె చదువుకున్నది నృత్యం, చేసింది టేపులు విని టైపు చేసే ఉద్యోగం. మాటలు రాయడమంటే పదాలు రాయడం ఒక్కటే కాదని గట్టిగా నమ్మిన మనిషి. ఎక్కడ ఊపిరి పీల్చారు, ఎక్కడ అక్షరం సాగింది, ఇద్దరి గొంతులు ఎక్కడ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఎంతసేపు మౌనం, అన్నీ టైపు మిషను మీదున్న గుర్తులతోనే రాయడానికి ఒక పద్ధతి తయారుచేసింది. ఈ రంగంలోనివాళ్లు ఇవాళ్టికీ ఆ గుర్తులే వాడుతున్నారు.

డాబా మీద అర నిమిషం

ఆ పద్ధతిలో ఒకసారి రాసి చూద్దామనిపించింది. జగ్గయ్యపేటలో మా పిన్ని, పక్కింటావిడ డాబా మీద కూర్చుని ఎండుమిరపకాయల ముచ్చికలు తుంచుతున్నారు, ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి. ఇద్దరినీ అడిగి, సరేనన్నాక, ఫోను రికార్డింగులో పెట్టి తాలుకాయల గంప పక్కన ఉంచాను. అడగకుండా రికార్డు చేయడం ఈ చదువులో తప్పు. మొదట్లో ఇద్దరూ ఫోను వైపు చూసి చూసి మాట్లాడారు. పావుగంటకి మర్చిపోయారు. అక్కడ నుంచి అర నిమిషం:

పిన్ని: ఆ ఏడు మందులే కొట్టాం. నల్ల తామరపురుగు గదా.
పక్కింటావిడ: ఊఁ.
పిన్ని: పూతంటే పూఊత... మొత్తం నేలరాలిపోయింది. (నవ్వు)
(మౌనం, సెకనులో సగానికి పైగా)
పక్కింటావిడ: ఎంతొచ్చింది మరి?
పిన్ని: (ఆ మాట మీదే) కౌలు కూడా...
పక్కింటావిడ: ఆఁ?
పిన్ని: కౌలు కూడా రాలేదే అంటన్నా. (నవ్వు)
(మౌనం)
పక్కింటావిడ: అయ్యో.

ఈ కాస్త రాయడానికి నాకు గంటకు పైగా పట్టింది. వెనక్కి తిప్పి వినడం, మళ్లీ తిప్పడం. అయితే ప్రతిసారీ కొత్తగా ఏదో ఒకటి వినిపిస్తూ వచ్చింది.

ముందు ఆ "ఊఁ" చూడండి. కథ చెప్పేటప్పుడు ఊఁ కొట్టకపోతే మా అమ్మమ్మ కథ ఆపేసేది. బుర్రకథలో అయితే వంతలు ఆ పనికే ఉంటారు. ఆ ఊఁలో 'విన్నాను' ఉంది, 'ఇప్పుడు నా వంతు తీసుకోను, నువ్వే సాగించు' అనే ఒప్పుకోలు కూడా ఉంది. సాక్స్, షెగ్లాఫ్, జెఫర్సన్ ముగ్గురూ కలిసి 1974లో 'లాంగ్వేజ్' పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసం అంతా ఈ వంతుల గురించే. మాట్లాడుతున్నవాళ్లే తర్వాతి మనిషిని ఎంచుకోవచ్చు, లేదా ఎవరో ఒకరు అందుకోవచ్చు, ఎవరూ అందుకోకపోతే మాట్లాడుతున్నవాళ్లే సాగించవచ్చు. ఎంత పెద్ద రచ్చబండ ముచ్చటైనా ఈ మూడింటి మీదే నడుస్తుంది.

ఎంత వేగంగా నడుస్తుందన్నది ఇంకో ఆశ్చర్యం. 2009లో తాన్యా స్టైవర్స్, సహచరులు పది భాషల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎడం కొలిచారు. సగటున సెకనులో ఐదో వంతు, అంటే రెప్పపాటు. జపనీయులు దాదాపు ఎడమే లేకుండా అందుకున్నారు. డేన్స్ అరసెకను దగ్గర దాకా తీసుకున్నారు. అయినా అన్ని చోట్లా సంప్రదాయం ఒకటే, వీలైనంత తక్కువ ఖాళీ, వీలైనంత తక్కువ అతివ్యాప్తి. ఒక బొమ్మను చూసి దాని పేరు పలకడానికే మనిషికి సెకనులో సగం పైన పడుతుంది. అంటే అవతలివాళ్ల మాట పూర్తి కాకముందే మన జవాబు తయారవుతోందన్నమాట. ఆ పది భాషల్లో భారతీయ భాష ఒక్కటీ లేదు.

తెలుగుకు ఇది మరీ చిక్కైన పని. మనకు క్రియ చివర వస్తుంది, అవునో కాదో కూడా చివరే తేలుతుంది. "నిన్న మీవాడు మా ఇంటికి రాత్రి అన్నానికి..." దాకా విన్నా వచ్చాడో రాలేదో తెలియదు. మరి రెప్పపాటులో ఎలా అందుకుంటున్నాం? ముందే అందే ఆనవాళ్లు కొన్నున్నాయి. "అస్సలు", "ఎవరూ", "ఎంతకీ" అని మొదలైతే 'లేదు' రాబోతోందని చెవికి తెలుస్తుంది. క్రియ తర్వాత వచ్చే "కదా", "గదా", "మరి", "లే" వంటి చిన్న ముక్కలేమో వంతు పూర్తయిందని చెప్పి అవతలి గొంతును పిలుస్తాయి. మా పిన్ని "గదా" అన్నాకే పక్కింటావిడ "ఊఁ" పడింది. వ్యాకరణ పుస్తకాల్లో వీటికి పాదపూరణాల మర్యాద దక్కుతుంది గానీ, మాట బండికి ఇరుసులు ఇవే.

ఆ "ఆఁ?" కూడా చిన్నది కాదు. వినపడనప్పుడు, అర్థం కానప్పుడు అనే ఆ ఒక్క ముక్క ప్రపంచ భాషల్లో దాదాపు ఒకే రూపంలో ఉందని మార్క్ డింగెమాన్సె, ఫ్రాన్సిస్కో తొరెయిరా, నిక్ ఎన్‌ఫీల్డ్ 2013లో 31 భాషలు పోల్చి చూపించారు. 2015లో వచ్చిన మరో పరిశోధనలో, మామూలు సంభాషణలో సగటున 1.4 నిమిషాలకు ఒకసారి ఎవరో ఒకరు ఇలా మాటను సరిచేయించుకుంటున్నారని తేలింది. నా రికార్డింగులో అర నిమిషంలోనే వచ్చింది. మిరపకాయల గరగరలో వచ్చి ఉంటుందని ముందు అనుకున్నాను. పది సార్లు విన్నాక అనుమానమొచ్చింది. మాట బాగానే వినపడింది. విన్నది నమ్మబుద్ధి కాక అడిగింది.

"ఎప్పుడొచ్చినట్టు?"

ఇద్దరి మధ్య దూరం ఎంతో చెప్పడానికి తెలుగు దగ్గర చాలా కొలబద్దలున్నాయి. నువ్వు, మీరు, తమరు; వాడు, అతను, ఆయన, వారు. "రాలేదే" చివర ఉన్న ఆ ఏకారం చూడండి. పక్కింటావిడ తనకన్నా చిన్నదనీ చనువు మనిషనీ ఆ ఒక్క అచ్చు చెప్పేస్తుంది. రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో యూరప్ భాషల్లోని ఇలాంటి సర్వనామాలను చూసి, వీటిలో రెండు శక్తులు పనిచేస్తాయన్నారు, అధికారం ఒకటి, దగ్గరితనం ఒకటి. ఇద్దరూ ఒకరినొకరు నువ్వనుకుంటే దగ్గరితనం. ఒకరు నువ్వంటూ ఎదుటివారితో మీరు అనిపించుకుంటే అధికారం. మనకు పొరుగున తమిళ పల్లెలో పనిచేసిన స్టీఫెన్ లెవిన్సన్, పెనెలపీ బ్రౌన్‌తో కలిసి మర్యాద మీద రాసిన గ్రంథంలో తమిళాన్ని ఒక మూలస్తంభంగా పెట్టుకున్నాడు. కులం ఎక్కడ ఏ సంబోధనను నిలబెడుతుందో అందులో కనిపిస్తుంది.

మాకు ఆ పాఠం పుస్తకంలో చదవాల్సిన పని లేకపోయింది. నా చిన్నప్పుడు మా ఇంట్లో పనిచేసిన పాలేరు మా తాత ఈడువాడు. పదో తరగతి చదివే మా అన్న ఆయన్ను "ఏరా" అనేవాడు. ఆయన మా అన్నను "అయ్యా" అనేవాడు. ఎవరికీ అది ఎబ్బెట్టుగా లేదు, నాకు కూడా లేదు. ఇవాళ తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అన్యాయం అంత మామూలుగా, రోజుకు నలభై సార్లు, ఒక రెండక్షరాల మాటలో కూర్చుని ఉండేది.

ఇప్పుడు ఆ పాలేర్ల మనవలు హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తూ పండక్కి కారులో వస్తారు. జాతీయ రహదారి మీద దిగగానే పాత ఆసాములు ఎదురవుతారు. ఈ కుర్రాళ్లను నువ్వు అనలేరు, మీరు అనడానికి నోరు రాదు. అప్పుడు వింటాం, "ఎప్పుడొచ్చినట్టు?", "ఎక్కడ చేస్తున్నట్టు ఇప్పుడు?" కర్త లేని వాక్యం. ఎవరు వచ్చారో, ఎవరు చేస్తున్నారో చెప్పాల్సిన పని లేకుండా భాష దారి చూపించింది. ఆ కుర్రాడు మాత్రం "నిన్ననే వచ్చానండి" అని నిండు వాక్యం చెబుతాడు. ఊరు ఎంత మారిందో, ఎక్కడ మారకుండా ఆగిందో చూడాలనుకునే పరిశోధకులు ఈ 'నట్టు'లు లెక్కపెట్టినా చాలు.

ఇలాంటివాటికి పశ్చిమ కృష్ణా మంచి పొలం. 2022లో ఎన్టీఆర్ జిల్లా అయినా మా నోట ఇంకా కృష్ణా జిల్లానే. గరికపాడు చెక్‌పోస్టు దాటితే తెలంగాణ. కోదాడ సంతకు ఇటువాళ్లు, జగ్గయ్యపేట ఆస్పత్రికి అటువాళ్లు. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలికాలుగా విభజించినప్పుడు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలది మధ్య మాండలికం, తెలంగాణది ఉత్తర మాండలికం అన్నారు. ఆ రెండూ రోజూ ఒకే ఆటోలో పక్కపక్కన కూర్చునే చోటు ఇది. అద్దె బేరం ఒకరి యాసలో మొదలై ఇంకొకరి యాసలో ముగియడం నేను చాలాసార్లు విన్నాను.

నిలిచిన మాట, నిలవని మాట

జగ్గయ్యపేట పక్క ధనబోడు మీద బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వకాలతో బయటపడింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, క్రీస్తు శకం మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి అక్కడ ఆయక స్తంభాలు నిలబెట్టించి, ఆ సంగతి ప్రాకృతంలో చెక్కించాడు. పదిహేడు వందల ఏళ్లు దాటినా ఆయన పేరు తెలుసు, తండ్రి పేరు తెలుసు, ఊరు తెలుసు. స్తంభం ఎత్తేటప్పుడు కూలీలతో ఏమన్నాడో, వాళ్లు ఆయన్ను ఏమని పిలిచారో ఏమీ తెలియదు. రాసిన మాటకు రాయి దొరికింది, ఆడిన మాట గాలిలో పోయింది.

వాడుక మాటకు నియమం ఉందని, అదీ భాషేనని మన దగ్గర గట్టిగా నిలబడి చెప్పినవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో సవరలతో మాట్లాడి మాట్లాడి సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు చేసిన మనిషి ఆ మాట అన్నాడంటే అది సిద్ధాంతం ఒక్కటే కాదు, చెవితో తెలుసుకున్నది. గ్రియర్సన్ భాషా సర్వే కోసం గత శతాబ్దం తొలినాళ్లలో గ్రామఫోను రికార్డులు చేశారు. అందులో తెలుగు గొంతులూ ఉన్నాయి. కానీ వాటిలో చాలావరకు బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథను ఒక్కరే చదువుతారు. ఎదురుగా ఊఁ కొట్టేవాళ్లు లేరు. 1962లో కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. జిల్లా జిల్లా రైతుల నోటి నుంచి సేకరించిన మాటలవి, ఎంత పొగిడినా తక్కువే. అయితే అందులో నాగలి భాగాలకు పేర్లుంటాయి గానీ, నాగలి అరువడగడానికి వచ్చిన రైతు ఆ మాట ఎత్తడానికి ముందు ఎన్ని కబుర్లు చెప్పాడో ఉండదు.

2024లో ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం ఇండిక్ వాయిసెస్ పేరుతో 22 భారతీయ భాషల్లో 7,348 గంటల మాటలు సేకరించి ప్రకటించింది. 16,237 మంది గొంతులు, 145 జిల్లాలు. కంప్యూటర్లకు మన మాట వినడం నేర్పడానికి చేసిన గొప్ప పని అది. అందులోనూ ఇద్దరు మాట్లాడుకున్నది 17 శాతమే. మిగిలిందంతా ఒక్కరే చదివింది, ఒక్కరే చెప్పింది.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ల సరదా అనుకునేవాళ్లకు ఆస్పత్రి సంగతి చెప్పాలి. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక వైద్యుడు సగటున 18 సెకన్లకే అడ్డు తగులుతున్నాడని 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అమెరికాలో లెక్కగట్టారు. 2007లో జాన్ హెరిటేజ్ బృందం ఇంకో అడుగు వేసింది. మొదటి బాధ చెప్పాక ఇంకేమీ లేదు కదా అన్న ధోరణిలో ఉండే ఇంగ్లీషు ప్రశ్నలో ఒక్క పదం మార్చి, ఇంకేవో ఉన్నాయి కదా చెప్పండి అన్న ధోరణి తెచ్చారు. చెప్పకుండా మిగిలిపోయే బాధలు 78 శాతం తగ్గాయి. ఒక్క పదం! మందు కాదు, పరికరం కాదు. మన ఓపీల్లో చీటీ రాస్తూ "ఇంకేమైనా ఉందా?" అంటారు. తల ఊపి బయటికొచ్చిన ముసలమ్మ మెట్ల దగ్గర మనవరాలితో "మోకాలి సంగతి చెప్పనే లేదే" అంటుంది. "ఇంకేం బాధలున్నాయమ్మా, చెప్పు" అని ఉంటే? అది మన ఊళ్లో, మన భాషలో కూర్చుని చూడాల్సిన పని. నందిగామ తాలూకా పెనుగంచిప్రోలులో పుట్టి, ఏ శాస్త్రమైనా తెలుగులో చదువుకోవాలని పుస్తకాలు వేయించిన కొమర్రాజు లక్ష్మణరావు గడ్డ మీద ఆ పని మొదలైతే నాకు ఎంత సంతోషమో.

మళ్లీ ఆ అర నిమిషం

రాసేటప్పుడు నేను నవ్వులను బ్రాకెట్లో పెట్టి ముందుకెళ్లిపోయాను. తర్వాత జెఫర్సన్ 1984లో రాసిన వ్యాసం సారం తెలిసింది. కష్టాలు చెప్పుకునేవాళ్లు తరచూ తామే నవ్వుతారట. వినేవాళ్లు మాత్రం ఆ నవ్వులో కలవరట. మామూలుగా అయితే ఎవరైనా నవ్వితే కలిసి నవ్వడం మర్యాద. కష్టం దగ్గర ఆ మర్యాద తిరగబడుతుంది. చెప్పేవాళ్లు 'తట్టుకున్నాను' అని నవ్వుతారు, వినేవాళ్లు 'ఇది నవ్వే సంగతి కాదని నాకు తెలుసు' అని ఊరుకుంటారు.

ఫోను తీసి మళ్లీ విన్నాను. 2021లో నల్ల తామరపురుగు మా మిరప మీద పడ్డప్పుడు పిన్నీవాళ్లు కౌలుకు చేస్తున్నారు. ఆ నష్టం గురించి ఆవిడ మా దగ్గరెప్పుడూ గట్టిగా చెప్పలేదు. చెప్పినప్పుడల్లా నవ్వింది, మేమూ నవ్వాం.

పక్కింటావిడ నవ్వలేదు. ఒక్కసారి కూడా. మొదటి నవ్వు తర్వాత సెకనులో సగానికి పైగా మౌనం ఉందని రాశాను గానీ, చెవికి ఆనించి వింటే అది పూర్తి మౌనం కాదు. ముచ్చిక తుంచిన చప్పుడు ఒకటి ఉంది. రెండో నవ్వు తర్వాత అది కూడా లేదు. చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయి ఉంటుంది. అప్పుడు "అయ్యో" అంది.